గణితమూర్తి హడమార్డ్

సెల్‌ఫోను టవరు ఒకటే. దానిని ఆశ్రయించి మాట్లాడేవారు అనేకులు. ఒకరు పొలం గట్టునుండి, ఒకరు బస్సులోనుండి, మరొకరు ఆసుపత్రి వసారానుండి ఒకే క్షణంలో మాట్లాడుతుంటారు. అందరి మాటలూ ఆకాశమార్గంలోనే పయనించి, ఒకే తరంగాల వరుసలో కలిసిపోతాయి. అయినా ఎవరికి చేరవలసిన మాట వారికే చేరుతుంది. ఈ చిక్కుముడిని విప్పడానికి ఇంజనీర్లు అనుసరించిన మార్గాలలో ఒకటి, ఒక్కొక్కరికి ఒక్కొక్క సంకేతాన్ని కేటాయించడం. ఇరవయ్యో శతాబ్దం చివరి దశకంలోను, ఆ తరువాతి రెండు దశాబ్దాలలోను కోట్లాది ఫోన్లు ఈ పద్ధతిలోనే పనిచేశాయి. వాటిలోని సంకేతాల సమూహం ఒక గణితవేత్త పేరుతో ప్రసిద్ధమైంది. ఆయన జాక్ హడమార్డ్. ఫ్రెంచివారు ఆ పేరును ఆదమార్ అని పలుకుతారు. మన విద్యార్థుల నోట హడమార్డ్‌గా స్థిరపడింది కనుక ఇక్కడ అదే వాడుక.

హడమార్డ్ 1865 డిసెంబరు 8న ఫ్రాన్సు దేశంలోని వెర్సాయిలో జన్మించారు. తండ్రి అమెదీ పాఠశాలలో వ్యాకరణం, ప్రాచీన సాహిత్యం వంటి విషయాలు బోధించేవారు. తల్లి క్లేర్ ఇంటిదగ్గర పియానో నేర్పేవారు. యూదు సంతతికి చెందిన కుటుంబం. 1869లో వారు పారిస్‌కు తరలివచ్చారు. మరుసటి ఏడే ప్రష్యా సేనలు ఆ నగరాన్ని ముట్టడించాయి. నగరమంతా తిండికి కటకటలాడుతున్న ఆ రోజులలో హడమార్డ్‌కు ఐదేళ్ళు నిండవచ్చాయి. యుద్ధమంటే ఏమిటో అక్షరాలు దిద్దే వయస్సులోనే తెలిసిన ఆ బాలుణ్ణి యుద్ధం మరి రెండుసార్లు వెదుక్కుంటూ వచ్చింది.

చదువులో ఆయన మొదట రాణించింది గ్రీకు, లాటిన్ భాషలలో. గణితం మాట ఎత్తితే తరగతిలో చివరివారిలో ఒకరు. ఈ సంగతిని తరువాతి కాలంలో ఆయనే దాచుకోకుండా చెప్పుకొన్నారు. లెక్కలు రావని నిరాశపడే విద్యార్థులకు ఇది ఊరట కలిగించే విషయమే కాని, దానిని సాకుగా తీసుకోరాదు. ఎందుకంటే కొద్ది సంవత్సరాలు తిరిగేసరికి ఆ బాలుడే 1884లో పారిస్‌లోని రెండు అత్యున్నత విద్యాలయాల ప్రవేశ పరీక్షలలోను ప్రథమ స్థానం సాధించారు. వాటిలో ఒకటి ఎకోల్ పాలిటెక్నిక్, రెండవది ఎకోల్ నార్మాల్. మొదటిదానిలో చేరితే సైన్యంలోను, ప్రభుత్వ నిర్మాణ శాఖలలోను పెద్ద పదవులు లభించేవి. హడమార్డ్ రెండవదానిని ఎంచుకొన్నారు. అది అధ్యాపకులను తయారుచేసే విద్యాలయం.

చదువు ముగిసిన తరువాత కొంతకాలం ఆయన పారిస్‌లోని లీసే బుఫాన్ అనే ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పారు. పిల్లలకు అర్థమయ్యేటట్లు చెప్పడంలో ఆయనకు పెద్ద పేరేమీ రాలేదు. కాని ఆ తరగతిలో మోరిస్ ఫ్రేషే అనే బాలుని ప్రతిభను గుర్తించి, ప్రత్యేక శ్రద్ధతో ప్రోత్సహించారు. ఆ బాలుడు తరువాత స్వయంగా గొప్ప గణితవేత్త అయ్యాడు.

1892వ సంవత్సరం హడమార్డ్ జీవితంలో మలుపు. ఆ ఏడు ఆయన డాక్టరేట్ పరిశోధన గ్రంథాన్ని సమర్పించారు. అది శ్రేణుల రూపంలో వ్రాయదగిన ప్రమేయాలకు సంబంధించినది. పరీక్షకులలో ఒకరైన వృద్ధ గణితవేత్త ఎర్మీత్, ఈ సిద్ధాంతానికి ఏదైనా ప్రయోజనం చూపగలిగితే బాగుంటుందని సూచించారు. అప్పటికి హడమార్డ్ దగ్గర సమాధానం లేదు. అదే సమయంలో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ప్రధాన సంఖ్యల లెక్కింపునకు సంబంధించిన సమస్యను ప్రకటించి, దానికి గొప్ప బహుమతి నిర్ణయించింది. హడమార్డ్ పరిశీలించి చూస్తే, తన గ్రంథంలోని ఫలితాలే ఆ సమస్యకు తాళపుచెవులు. బహుమతి ఆయనను వరించింది. ఆ దారిలోనే ముందుకు సాగి 1896లో ప్రధాన సంఖ్యా సిద్ధాంతాన్ని నిరూపించారు. సంఖ్యలు పెద్దవయ్యేకొద్దీ వాటి నడుమ ప్రధాన సంఖ్యలు ఎంత పలుచబడుతాయో తెలిపే సిద్ధాంతమది. బెల్జియం గణితవేత్త ద లా వల్లే పూసాఁ కూడ అదే సంవత్సరం, హడమార్డ్‌తో సంబంధం లేకుండానే దానిని సాధించడం గణిత చరిత్రలో ముచ్చటైన ఘట్టం.

1892లోనే చిన్ననాటినుండి ఎరిగిన లూయిజ్ త్రెనెల్‌తో వివాహం జరిగింది. ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగారు. 1893లో దంపతులు బోర్డో నగరానికి వెళ్ళారు. అక్కడి విశ్వవిద్యాలయంలో హడమార్డ్ ఉపన్యాసకులయ్యారు.

ఆ 1893లోనే హడమార్డ్ ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. ఇరవై ఏడేళ్ళ వయస్సులో వ్రాసిన ఆ వ్యాసం ప్రధాన సంఖ్యల సిద్ధాంతం ముందు చాల చిన్నది. దానిలోని ప్రశ్న ఇది. ఒక చతురస్ర మాత్రికలోని ప్రతి మూలకమూ −1కి, +1కి మధ్యనే ఉండాలని షరతు పెడితే, ఆ మాత్రిక నిర్ధారకం ఎంత పెద్దది కాగలదు?

నిర్ధారకమంటే లెక్కల తరగతిలో యాంత్రికంగా చేసే గుణకారం అనిపిస్తుంది కాని, దాని వెనుక ఒక ఆకారం ఉన్నది. మాత్రికలోని అడ్డువరుసలను ఒక పెట్టె అంచులుగా ఊహిస్తే, నిర్ధారకం ఆ పెట్టె ఘనపరిమాణం. పెండ్లి పందిరి రాటలు నిట్టనిలువుగా ఉన్నప్పుడు దాని లోపలి చోటు విశాలంగా ఉంటుంది. రాటలు ఒకవైపు ఒరిగితే వాటి పొడవు తగ్గకపోయినా లోపలి చోటు తగ్గుతుంది. నిర్ధారకం కూడ అంతే. అడ్డువరుసలు పరస్పరం లంబంగా ఉన్నప్పుడే అది గరిష్ఠమవుతుంది. నాలుగు వరుసల మాత్రికకు ఆ గరిష్ఠ విలువ 16. దానిని అందుకోవాలంటే మూలకాలన్నీ +1 గాని −1 గాని కావాలి, ఏ రెండు అడ్డువరుసలను తీసుకొన్నా అవి లంబం కావాలి.

లంబమని తెలిసేదెట్లా? రెండు వరుసలను ఒకదాని క్రింద ఒకటి వ్రాసి, ఎదురెదురు మూలకాలను గుణించి, లబ్ధాలన్నింటిని కూడితే సున్న రావాలి. మూడు మూలకాల వరుసలలో ఇది అసంభవం. మూడు బేసి సంఖ్యల మొత్తం సున్న కానేరదు గదా! ఒకటి, రెండు వరుసల మాత్రికలను మినహాయిస్తే, వరుసల సంఖ్య నాలుగుచేత భాగింపబడినప్పుడే ఇటువంటి మాత్రికలు సాధ్యం. ఆంగ్ల గణితవేత్త సిల్వెస్టర్ 1867లోనే 2, 4, 8, 16 అంటూ రెట్టింపయ్యే పరిమాణాలలో వీటిని నిర్మించారు. న్యాయంగా చూస్తే తొలి గౌరవం ఆయనకే చెందాలి. హడమార్డ్ 12 వరుసల మాత్రికను, 20 వరుసల మాత్రికను నిర్మించి చూపి, గరిష్ఠ విలువకు సంబంధించిన అసమానతను నిరూపించారు. పేరు మాత్రం హడమార్డ్ మాత్రిక అనే నిలిచింది. లోకంలో పేర్లు నిలిచే తీరు అటువంటిది.

ఈ ప్రశ్న వేసినప్పుడు హడమార్డ్ మనస్సులో ఏ యంత్రమూ లేదు. తీగలేని వార్తాప్రసారం అప్పటికింకా వాడుకలోకే రాలేదు.

బోర్డో జీవితం ప్రశాంతంగా సాగుతుండగా 1894 చివరలో ఒక వార్త ఫ్రాన్సును రెండుగా చీల్చింది. ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ అనే యూదు సైనికాధికారి జర్మనీకి రహస్యాలు అమ్మాడని సైనిక న్యాయస్థానం తీర్పు చెప్పి, సముద్రం నడుమనున్న డెవిల్స్ దీవికి పంపింది. నేరం మోపడానికి ఆధారం సరిగా లేదు. యూదుడు కావడమే అతని నేరమైంది. డ్రేఫస్ భార్య లూసీ హడమార్డ్ వంశపు ఆడపడుచు. అయితే జాక్ హడమార్డ్ ఆ పోరాటంలోకి దిగింది బంధుత్వం చేత మాత్రమే కాదు. నిరూపణ లేనిదే దేనినీ అంగీకరించని గణితవేత్త, నిరూపణ లేకుండా ఒక మనిషి జీవితాన్ని నాశనం చేయడాన్ని సహించలేకపోయారు. ఉద్యోగంలో అప్పుడప్పుడే స్థిరపడుతున్న యువకుడు సైన్యాన్ని, ప్రభుత్వాన్ని ఎదిరించి నిలవడం తేలిక కాదు. 1898లో ఈ వివాదంనుండే పుట్టిన మానవహక్కుల సంఘంలో ఆయన చిరకాలం పనిచేశారు. 1899లో రెన్ నగరంలో జరిగిన పునర్విచారణలో కూడ డ్రేఫస్‌కు న్యాయం దక్కలేదు. క్షమాభిక్ష మాత్రం దొరికింది. నిర్దోషి అన్న ప్రకటన వెలువడడానికి 1906వ సంవత్సరం రావలసివచ్చింది.

1897లో హడమార్డ్ పారిస్‌కు తిరిగివచ్చారు. 1909లో కొలేజ్ ద ఫ్రాన్స్ అనే ప్రసిద్ధ విద్యాసంస్థలో ఆచార్యులయ్యారు. 1912లో మహామేధావి పొయంకారే మరణించగా, విజ్ఞాన అకాడమీలో ఆ స్థానం హడమార్డ్‌కు లభించింది. కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆయన నడిపిన గోష్ఠి దేశదేశాల గణితవేత్తలకు పుణ్యక్షేత్రం వంటిదైంది. ఎవరు ఏ కొత్త విషయం కనుగొన్నా అక్కడకు వచ్చి వినిపించి, పెద్దల మెప్పు పొందాలని ఆశపడేవారు. పూర్వం మన కవులు రాజాస్థానాలలో కావ్యాలు వినిపించిన పద్ధతి గుర్తుకు వస్తుంది. ఆయనకు మరొక వ్యసనం కూడ ఉండేది. అది ఫెర్న్ మొక్కల సేకరణ. ఎక్కడికి వెళ్ళినా కొండలు, చెలమలు గాలించి కొత్త రకం దొరికితే పసివానివలె సంబరపడేవారు.

ఆ సంబరానికి 1916లో అడ్డుకట్ట పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెర్డన్ రణరంగం ఫ్రెంచి యువకులను వేలకొలదిగా మ్రింగివేసింది. హడమార్డ్ పెద్దకుమారుడు పియేర్, రెండవ కుమారుడు ఎతియెన్ ఇద్దరూ ఆ ఏడాదిలోనే, కొద్ది నెలల తేడాతో, అక్కడే నేలకొరిగారు. తండ్రి వయస్సు అప్పటికి యాభై. ఆ దుఃఖాన్ని ఆయన పనిలో ముంచుకొన్నారు. ఉపన్యాసాలు మానలేదు, గోష్ఠి ఆగలేదు.

1937లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. మూడేళ్ళకే హిట్లర్ సేనలు ఫ్రాన్సులో ప్రవేశించాయి. యూదు సంతతివారు ప్రాణాలు అరచేత పెట్టుకొని బ్రతకవలసిన కాలం. హడమార్డ్ మొదట తూలూజ్‌కు, 1941లో అక్కడినుండి అమెరికాకు వెళ్ళారు. డెబ్బైఐదేళ్ళ వయస్సులో, ప్రపంచ ప్రసిద్ధుడైన పండితుడు, పరాయి దేశంలో పని వెదుక్కోవలసివచ్చింది. న్యూయార్కులో ప్రవాసులైన ఫ్రెంచి, బెల్జియన్ విద్వాంసులు నెలకొల్పుకొన్న విద్యాలయంలో 1943లో ఆయన గణిత సృజనను గురించి ఉపన్యసించారు. 1945లో వెలువడిన ప్రఖ్యాత గ్రంథానికి ఆ ఉపన్యాసాలే మూలం. కొత్త భావం మనిషి మనస్సులో ఎట్లా మొలకెత్తుతుందో ఆయన ఆ గ్రంథంలో విచారించారు. ఒకనాడు ఏదో చప్పుడుకు ఉలిక్కిపడి నిద్రలేచిన క్షణంలోనే, ఎంతోకాలంగా వెదుకుతున్న పరిష్కారం ఎదురుచూడని దిక్కునుండి వచ్చి తన ముందు నిలిచిందని స్వానుభవం చెప్పారు. తాను మాటలతో కాక అస్పష్టమైన బొమ్మలతో ఆలోచిస్తానని కూడ వ్రాశారు.

ఆ గ్రంథం రూపుదిద్దుకొంటున్న కాలంలోనే, 1944లో, మూడవ కుమారుడు మత్యూ యుద్ధంలో మరణించాడు. ముగ్గురు కుమారులనూ రెండు యుద్ధాలు తీసుకొనిపోయాయి. యుద్ధానంతరం హడమార్డ్ శాంతి ఉద్యమంలో చురుకుగా పాల్గొన్నారంటే ఆశ్చర్యమేమున్నది? ఆ కారణంగానే 1950లో అమెరికాలో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభకు గౌరవాధ్యక్షులుగా వెళ్ళవలసిన ఆయనకు వీసా దొరకడం కష్టమైంది. ఎనభైనాలుగేళ్ళ వృద్ధునివల్ల దేశానికి ప్రమాదమని భయపడ్డ అధికారులు చివరకు అనుమతించారు. 1960లో అరవై ఎనిమిదేళ్ళ సహధర్మచారిణి కన్నుమూశారు. 1962లో మనుమడు పర్వతారోహణలో ప్రాణం కోల్పోయాడు. 1963 అక్టోబరు 17న, తొంభై ఏడేళ్ళ వయస్సులో, హడమార్డ్ పారిస్‌లో తుదిశ్వాస విడిచారు.

1893 నాటి ఆ చిన్న వ్యాసం మాత్రం మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చింది. 1923లో అమెరికన్ గణితవేత్త జోసెఫ్ వాల్ష్ ఇదే స్వభావం గల ప్రమేయాలను వర్ణించడంతో వాల్ష్ సంకేతాలన్న పేరు వచ్చింది. 1940లలో మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, కలకత్తాలోని సాంఖ్యక సంస్థలో లంబ విన్యాసాల సిద్ధాంతాన్ని రూపొందించారు. ఆ విన్యాసాలలో ఒక ముఖ్యమైన వర్గం హడమార్డ్ మాత్రికలనుండే లభిస్తుంది. 1971లో మెరీనర్ 9 అనే వ్యోమనౌక అంగారక గ్రహం ఫొటోలను హడమార్డ్ సంకేతంలో కూర్చి భూమికి పంపింది. తరువాత సెల్‌ఫోన్ల వంతు వచ్చింది.

మాటలను కలిపి, మళ్ళీ విడదీసే ఆ కిటుకును చేతితోనే లెక్కించి చూడవచ్చు. +1, −1, +1, −1 అనే వరుస ఒకరిది. +1, +1, −1, −1 అనే వరుస మరొకరిది. మొదటివారికి +1 పంపాలి కనుక టవరు వారి వరుసను యథాతథంగా పంపుతుంది. రెండవవారికి −1 పంపాలి కనుక వారి వరుసను గుర్తులు మార్చి పంపుతుంది. గాలిలో రెండూ కలిసి 0, −2, +2, 0 అవుతాయి. మొదటివారి ఫోను ఈ కలగాపులగాన్ని తన వరుసతో గుణించి కూడుకొంటే 4 వస్తుంది. నాలుగుతో భాగిస్తే +1. రెండవవారి ఫోను తన వరుసతో అదే పని చేస్తే −4, అంటే −1. సంబంధం లేని +1, −1, −1, +1 అనే మరొక వరుసతో ప్రయత్నిస్తే సున్న. రాట ఒరగనందువల్ల ఒకరి మాట ఒకరి చెవిన పడలేదు!

అయితే ఈ వరుసలు కావలసినన్ని దొరకవు. ఛందస్సులో గురులఘువులను ప్రస్తరిస్తే మూడక్షరాలకు ఎనిమిది గణాలు వస్తాయని విద్యార్థులు ఎరుగుదురు. అట్లే నాలుగు స్థానాలలో +1, −1లను ప్రస్తరిస్తే పదహారు వరుసలు వస్తాయి. కాని వాటిలో పరస్పర లంబంగా ఉండేవి ఒకేసారి నాలుగింటికి మించి దొరకవు. 1993లో అమెరికాలో ప్రమాణంగా రూపొందిన సీడీఎంఏ పద్ధతిలో 64 స్థానాల సంకేతాలు వాడారు. కనుక ఒక వాహక తరంగంమీద టవరు పంచగలిగినవి అరవైనాలుగే. వాటిలో కొన్ని టవరు స్వంత పనులకు పోయేవి. 2000 తరువాతి దశకంలో మన ఊళ్ళలో తీగలేకుండా బల్లమీద కూర్చొన్న డబ్ల్యూఎల్ఎల్ ఫోన్లలో చాలమట్టుకు ఈ కుటుంబానికి చెందినవే.

మూడవ తరం ఫోన్లు వచ్చేసరికి చిక్కు పెరిగింది. ఒకరికి మాట చాలు. ఒకరికి బొమ్మలు కావాలి, మరొకరికి సినిమా కావాలి. అందరికీ ఒకే కొలత సంకేతం ఇస్తే సరిపోదు. 1997లో జపాన్ ఇంజనీర్లు దీనికి ఒక వంశవృక్షాన్ని ప్రతిపాదించారు. ఒక వరుసను రెండుసార్లు వ్రాస్తే ఒక సంతానం. రెండవసారి గుర్తులు మార్చి వ్రాస్తే రెండవ సంతానం. ఇట్లా తరతరానికి సంకేతం పొడవు రెట్టింపవుతుంది. గాలిలోకి సెకనుకు 38 లక్షల 40 వేల తునకలు వెళతాయి. నాలుగు తునకల పొట్టి సంకేతం గలవారికి సెకనుకు 9 లక్షల 60 వేల గుర్తులు, 256 తునకల పొడవు సంకేతం గలవారికి 15 వేల గుర్తులు అందుతాయి. పొట్టి సంకేతమంటే విశాలమైన దారి అన్నమాట. ఈ వృక్షం ఆధారంగా నడిచిన మూడవ తరం సేవ 2001 అక్టోబరులో జపాన్‌లో ప్రారంభమైంది.

వృక్షంలో ఒక కఠినమైన నియమం ఉన్నది. ఒక సంకేతాన్ని ఒకరికి ఇచ్చిన తరువాత, దాని పూర్వులను గాని సంతానాన్ని గాని మరెవరికీ ఇవ్వరాదు. సంతానం వరుసలో తల్లి వరుసే రెండుసార్లు ఉంటుంది. తల్లి వరుస గలవారు వెంటవెంటనే రెండు గుర్తులు పంపితే అది అచ్చంగా సంతానపు వరుసలాగే కనిపిస్తుంది. మాటలు కలిసిపోతాయి.

ఇందువల్ల పంపకం ఒక విద్య అయింది. ఒక సత్రాన్ని ఊహించవచ్చు. అందులో వరుసగా ఎనిమిది గదులు. ఒకటీ రెండూ కలిసి ఒక జంట, మూడూ నాలుగూ ఒక జంట, ఆ విధంగా నాలుగు జంటలు. జంట గదుల నడుమ తలుపు తీస్తే పెద్ద గది అవుతుంది. ఒంటరి యాత్రికులు నలుగురు వస్తే, సత్రం గుమాస్తా ఆలోచించక వారిని 1, 3, 5, 7 గదులలో దింపాడు. సగం సత్రం ఖాళీ. అయినా పెద్ద గది కావాలని ఒక కుటుంబం వస్తే ఇవ్వడానికి ఒక్కటీ లేదు. ప్రతి జంటలోను ఒకరు తిష్ఠవేసి ఉన్నారు. అదే నలుగురినీ 1, 2, 3, 4 గదులలో దింపి ఉంటే రెండు పెద్ద గదులు మిగిలేవి. చోటు ఉండికూడ లేదనిపించుకొనే ఈ దుస్థితే సంకేత వృక్షంలోను ఏర్పడేది. వచ్చినవారిని ఇప్పటికే నిండిన కొమ్మలవైపే సర్దడం ఒక ఉపాయం. అయితే మాట్లాడేవారు ఎప్పుడు ముగిస్తారో ఎవరికి తెలుసు? నిండిన కొమ్మ మధ్యలోనే ఖాళీలు పడుతాయి. అప్పుడు మాట్లాడుతున్నవారినే, మాట తెగకుండా, ఒక సంకేతంనుండి మరొక సంకేతానికి జరపాలి. అతి తక్కువమందిని కదిలించి పెద్ద కొమ్మను ఖాళీ చేయడమెట్లాగో 2000లో వెలువడిన ఒక పరిశోధన పద్ధతి చూపింది. ప్రతి కదలికకూ టవరుకు, ఫోనుకు మధ్య అదనపు సందేశాలు నడవాలి కనుక అది ఉచితం కాదు. ఒకరికే రెండు మూడు చిన్న సంకేతాలు ఇవ్వడం మరొక మార్గం. దానికి ఫోను లోపల ఎక్కువ సామగ్రి కావాలి. ఈ ఉపాయాలలో ఏది మేలన్నదానిపై అనేకమంది పరిశోధకులు శ్రమించారు. ఫోనునుండి టవరుకు వెళ్ళే దిశలో మాత్రం ఇంత ఇరుకు లేదు. అక్కడ ప్రతి ఫోనుకూ దాని ముద్ర వంటి వేరొక సంకేతం ఉండడంవల్ల ఎవరి వృక్షం వారిదే.

నాలుగవ తరం ఫోన్లు వచ్చిన తరువాత ఆకాశాన్ని పంచుకొనే పద్ధతి మారింది. కాలాన్ని, తరంగాల పౌనఃపున్యాన్ని చిన్న చిన్న మళ్ళుగా విభజించి పంచడం మొదలైంది. వంశవృక్షపు పంపకాలు క్రమంగా వెనుకబడ్డాయి. హడమార్డ్ మాత్రికలు మాత్రం గణితంలో ఒక పెద్ద ప్రశ్నను మిగిల్చాయి. నాలుగుచేత భాగింపబడే ప్రతి సంఖ్యకూ అటువంటి మాత్రిక ఉంటుందా? ఉంటుందని గణితవేత్తల నమ్మకం. కంప్యూటర్ల సాయంతో దొరికిన 428 వరుసల మాత్రిక 2005లో ప్రచురితమైంది. అన్ని సంఖ్యలకూ వర్తించే నిరూపణ మాత్రం ఇంతవరకు ఎవరికీ చిక్కలేదు.